పిల్ల కెమెరా

తొంభైల మొదట్లో ఫిల్మ్‌నగర్‌లో బరువు లేనిదానికి విలువ ఉండేది కాదు. డైలాగు బరువుగా ఉండాలి, తల్లి సెంటిమెంటు బరువుగా ఉండాలి, నిర్మాత మెళ్ళో గొలుసు బరువుగా ఉండాలి. స్టిల్ ఫోటోగ్రాఫరయితే పెట్టె బరువుగా ఉండాలి. ఫోటోలు ఎలా వచ్చాయని అడిగినవాణ్ణి నేను పెద్దగా చూడలేదు. పెట్టె ఎంత పెద్దదో మాత్రం అందరూ చూసేవారు.

సినిమాలకు స్టిల్స్ తీసే ఒక పెద్దాయన దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. నేను గురువుగారూ అనేవాణ్ణి, ఆయన ఒరేయ్ అనేవారు. ఆయనకొక అల్యూమినియం పెట్టె ఉండేది. అందులో ఇటుకల్లాంటి కెమెరాలు రెండు, నా మోచేతి నుంచి వేళ్ళ దాకా పొడవున్న లెన్సొకటి, పొట్టి లెన్సులు నాలుగు, వాటి మధ్య ఒక దేవుడి పటం. మోసేవాడి మీద జాలిపడి తేలిగ్గా ఉన్నది ఆ పటమొక్కటే. ఇవి కాక మూడు కాళ్ళ స్టాండు.

షూటింగులో ఒక ఆచారముంది. షాటు ఓకే అయ్యాక డైరెక్టరు "స్టిల్!" అని కేకేస్తాడు. అప్పుడు నటులు ఇంతకుముందు చేసిందే మళ్ళీ చేసి, మధ్యలో కదలకుండా ఆగాలి. అదే మా ఫోటో. గురువుగారు స్టాండు విప్పి, కాళ్ళు సరిచేసి, లెన్సు మార్చి, వెలుగు కొలిచే మీటరు పట్టుకుని హీరో బుగ్గ దాకా వెళ్ళొచ్చేసరికి ఎంతసేపయ్యేదో ఒకసారి విలన్ వేషంలో ఉన్నాయన చెప్పాడు. మిట్టమధ్యాహ్నం. హీరో కొట్టడానికి చెయ్యెత్తి ఆగాడు, ఈయన చెంప అప్పగించి ఆగాడు.

"గురువుగారూ, ఆ దెబ్బేదో నిజంగానే కొట్టించెయ్యండి. ఎదురుచూడ్డమే ఎక్కువ నొప్పిగా ఉంది" అన్నాడు పెదాలు కదపకుండా.

ఫోటో వచ్చింది. అందులో హీరో కోపంగా లేడు, సిటీ బస్సులో పైకడ్డీ పట్టుకుని తన స్టాపు కోసం చూస్తున్నవాడిలా ఉన్నాడు.

"క్వాలిటీ చూడరా. చొక్కా గుండీకి దారం ఎన్ని చుట్లు చుట్టారో లెక్కపెట్టుకోవచ్చు" అన్నారు గురువుగారు.

లెక్కపెట్టుకోవచ్చు, నిజమే. గుండీ కోసం టిక్కెట్టు కొన్న ప్రేక్షకుణ్ణి మాత్రం నేనింతవరకూ కలవలేదు.

నాలుగో ఏడు నా కుడి భుజం ఆ పెట్టెతో తెగతెంపులు చేసుకుంది. దువ్వెన చెవి దాకా వచ్చి ఆగిపోయేది. ఎముకల డాక్టరు నొక్కి చూసి, "ఏం చేస్తుంటావు?" అన్నాడు.

"ఫోటోలు తీస్తానండీ."

"మరి సిమెంటు బస్తాలు మోసేవాడి భుజం నీకెందుకొచ్చింది? ఇలాగే మోస్తే ఇంకో ఏడాదికి అన్నం ముద్ద కూడా నోటిదాకా రాదు."

మోయడం మానేస్తే నాకున్న దారి ఒక్కటే. తెనాలిలో మా బావ ఫోటో స్టూడియో. నీలం తెర, తెర ముందు స్టూలు, "గడ్డం కొంచెం పైకండీ", పాస్‌పోర్టు సైజు మూడు కాపీలు. నా భుజం సంగతి ఎలా తెలిసిందో, బావ ఉత్తరం రాశాడు, ఎప్పుడైనా వచ్చెయ్యమని, స్టూలుకు కొత్త రెక్సిను వేయించానని. డాక్టరు మాటకు బెదరని నేను ఆ రెక్సినుకు బెదిరాను.

టోలిచౌకిలో గల్ఫు నుంచి తిరిగొచ్చినాయన ఒక చిన్న జపాను కెమెరా అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. రెండు లెన్సులు. ఒకటి కెమెరాకుంటుంది, ఇంకోటి ప్యాంటు జేబులో పడుతుంది.

"ఫికర్ జెయ్యకు భాయ్. మా పెండ్లి మొత్తం దీంతోటే దీసినం" అన్నాడు.

"పెళ్ళి బాగా జరిగిందా?"

"పెండ్లి సంగతి అడగకు. ఫోటోలైతే మస్తున్నయ్."

కొని తెచ్చి గురువుగారికి చూపించాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, ప్రసాదం తక్కువ పెట్టినప్పుడు పూజారిని చూసినట్టు నన్ను చూశారు. "ఫోటో తీసేది కన్ను కాదురా, నడుం. నడుం వంచనివాడు ఫోటోగ్రాఫరేంటి?" అప్పటికి రెండేళ్ళుగా ఆయన నడుం వంగడం లేదు. చొక్కా లోపల తోలు బెల్టు కట్టుకుని తిరుగుతున్నారు.

నా పేరు మీద మొదటి సినిమా ఆ తర్వాతే వచ్చింది. నిర్మాత కోస్తా నుంచి వచ్చి, జూబ్లీహిల్స్‌లో కొండ తొలిపించి ఇల్లు కట్టుకున్నాయన. మొదటిరోజు షూటింగు ఆ ఇంటి వెనక బండల మీదే. నేను వెళ్ళి నమస్కారం పెడితే ఆయన నా వెనక్కి చూశాడు.

"కెమెరా ఏది బాబూ?"

మెళ్ళో ఉన్నది చూపించాను.

"ఇది పిల్ల కెమెరా. దీని తల్లేది?"

"అనాథండీ."

నవ్వలేదు. "చూడబ్బాయ్, ఈ గురువారం బయ్యర్లొస్తున్నారు. జిల్లాల వారీగా నా సినిమా కొనాల్సినవాళ్ళు. ఈ అగ్గిపెట్టె చూపించి కొనమంటావా? రేపు సరైన పెట్టెతో వస్తే ఉండు. లేకపోతే వేరేవాళ్ళను పిలిపిస్తా."

ఆ పూట ఎలాగో ఫోటోలు తీసి, సాయంత్రం గురువుగారింటికి వెళ్ళాను. కొత్త పెట్టె కొన్నాక పాతది ఆయన మంచం కింద పడేసి ఉంది, మూత సొట్టపోయి. అది కావాలని అడిగితే ఆయనకు కళ్ళు చెమ్మగిల్లినంత పనయింది.

"దారిలోకొచ్చావురా" అన్నారు.

నేను దారిలోకి రాలేదు, కృష్ణానగర్‌లో నా గదికి వెళ్ళాను. పొద్దున్నే పెట్టె తుడిచి, లోపల పులిహోర ఉన్న టిఫిన్ క్యారియరు, ఒక తువ్వాలు పెట్టి మూత వేశాను.

ఇంక ఆ రోజు మర్యాదలు చెప్పుకోకూడదు. ముందురోజు "ఏడికి బై?" అని అడ్డుపడ్డ వాచ్‌మన్ "రండి సాబ్" అని గేటు బార్లా తెరిచాడు. నాకో కుర్చీ వచ్చింది. మొదటిరోజు ఫోటోలున్న కవరు ఇస్తే నిర్మాత తెరవకుండానే జేబులో పెట్టుకుని, పెట్టె వైపు చూసి "ఇప్పుడు బాగుంది" అన్నాడు. లోపల సరుక్కి దుమ్ము పడకూడదని చెప్పి పెట్టె తెరవలేదు. "స్టిల్!" అనగానే పిల్ల కెమెరాతో బండెక్కి, రెండుసార్లు నొక్కి దిగిపోయేవాణ్ణి. తను ఆగినట్టు హీరోకు తెలిసేలోపే అయిపోయేది.

మధ్యాహ్నం ఎండ మారిందని అందరూ పక్క బండకు మకాం మార్చారు. లైట్లు పెట్టేవాళ్ళలో మోతీనగర్ ఆయన ఒకడు, చాలా మంచివాడు. ప్రమాదాలన్నీ మంచివాళ్ళతోనే వస్తాయి.

"నీ భుజం మంచిగలేదు గద అన్నా, నేను దెస్త తియ్" అని, కాళ్ళు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో పెట్టెను ఒక్క ఊపున లేపాడు. పెట్టె ఆయన తలమీదుగా వెళ్ళింది. ఆయన వెనక్కి కూలబడ్డాడు. మూత తెరుచుకుంది. టిఫిన్ క్యారియరు ఒక్కో బండా దిగుతూ, దిగినచోటల్లా ఒక్కో గిన్నె వదులుకుంటూ, చివరి గిన్నెతో నిర్మాత బూటు దగ్గర ఆగింది.

"అరె, గిది ఖాళీగున్నదేందన్నా!" అన్నాడు ఆయన. ఎవరికైనా వినపడలేదేమోనని ఇంకోసారి కూడా అన్నాడు.

నిర్మాత పులిహోర చూశాడు, పెట్టె చూశాడు, నన్ను చూశాడు. "లెన్సులేవయ్యా?"

"ఒకటి కెమెరాకుందండీ. ఇంకోటి..." జేబులోంచి తీసి చూపించాను. కళ్ళముందు కొత్త రెక్సిను మెరిసింది.

అప్పుడు కుర్చీలోంచి హీరో, "నిన్నటి ఫోటోలున్నాయా?" అన్నాడు. నిర్మాత జేబులోంచి కవరు తీసిచ్చాడు. హీరోలు తమ ఫోటో తాము ఎంతసేపైనా చూడగలరు, ఆయనా చూశాడు.

"ఇందులో నేను కొట్టేటట్టే ఉన్నానండీ" అన్నాడు ఆశ్చర్యంగా. "పైగా నన్ను నిలబెట్టి ఎండబెట్టడం లేదు. ఈయన్నే ఉంచండి."

హీరో మాట కాదనే నిర్మాత ఇంకా పుట్టలేదు. ఆయన నన్ను ప్రహరీ గోడ పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించాడు.

"సరే, ఆ పిల్లదాంతోనే తీసుకో. పెట్టె మాత్రం ఇక్కడే ఉండాలి. లోపల ఏదన్నా బరువు పెట్టు. బయ్యర్ల ముందు అలా గాల్లోకెగిరితే నా పరువేం కాను?"

"ఏం పెట్టమంటారండీ?"

ఆయన చుట్టూ చూశాడు. ఇల్లు కట్టగా మిగిలిన రాళ్ళు గోడవారన గుట్టగా ఉన్నాయి.

గురువారానికి పెట్టె సిద్ధమైంది. షూటింగు అయ్యేదాకా అది అక్కణ్ణుంచి కదలక్కర్లేదు. దానికి ఒక కుర్చీ వేశారు. నాకు పట్టని గొడుగు దానికి పట్టారు. బయ్యర్లు దాని ముందునుంచి చెప్పులు వదిలినంత భక్తిగా నడిచి వెళ్ళారు. స్టూలు పక్కన వేరే మనిషిని చూసుకోమని ఆ పొద్దుటే బావకు కార్డు రాసి పడేశాను.

మధ్యాహ్నం గురువుగారు శిష్యుణ్ణి చూసుకోవడానికి వచ్చారు. నా ఫోటోలు అడగలేదు. నేరుగా పెట్టె దగ్గరికి నడిచి, వంగని నడుంతోనే కాస్త వంగి, పిడి పట్టుకుని అంగుళం లేపి దించారు. ముఖం వెలిగిపోయింది.

"ఇదిరా. ఇప్పటికి ఫోటోగ్రాఫరువయ్యావు. ఏం పెట్టావు లోపల?"

"జూబ్లీహిల్స్ సరుకండీ."

"ఫారిన్ కాదా?"

"లోకలేనండీ. కానీ గట్టిది."

"గట్టిదేరా, చెయ్యి చెబుతోంది" అన్నారు.

అటునుంచి "స్టిల్!" అని కేక వినపడింది. నేను జేబులో లెన్సు తడుముకుంటూ బండెక్కాను. రెండు నొక్కులు నొక్కి వెనక్కి చూస్తే, గురువుగారు పెట్టె పక్కన ఇంకో కుర్చీ వేయించుకుని కూర్చుని, దుమ్ము పడకుండా దాని మీద తన కండువా కప్పుతున్నారు.