టీచరమ్మ ఫ్రిజ్‌లో చోటు

గురువారం పొద్దున పదిన్నరకి అల్వాల్ నుంచి టీచరమ్మగారి చెల్లెలు ఫోన్ చేసింది. “అక్క లేదు బాబూ” అంది.

“ఎక్కడికెళ్లారు?” అని అడిగాను.

ఆవిడ చిన్నపిల్లాడికి చెప్పినట్టు మళ్లీ చెప్పింది. టిఫిను తిని కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగారట. నీళ్లు తెచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉందట. గుండె ఆగిపోయిందని ఆసుపత్రిలో చెప్పారట. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ణి నేను. ‘లేదు’ అనే మాటకు అర్థం ఆ పూట నాకు తెలియలేదు.

ముందురోజు సాయంత్రమే టీచరమ్మగారు మా అమ్మ చేతిలో తాళాలు పెట్టి, “చెల్లిని చూసొస్తాను వదినగారూ, రేపు మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా” అని చెప్పి ఆటో ఎక్కారు. మెట్లు దిగుతూ నా చెప్పుల గురించి ఏదో అన్నారు కూడా. ఏమన్నారో ఎంత తన్నుకున్నా గుర్తుకు రావడం లేదు.

సీతాఫల్‌మండిలో మా ఇంటి పై వాటాలో ఉండేవారు ఆవిడ. మిషన్ బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు. పెళ్లయి గుంటూరు వైపు నుంచి వచ్చి, భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారు. మా పేపరు మాకంటే ముందు చదివి, మడత చెదరకుండా గుమ్మంలో పెట్టేవారు. ‘కొంచెం’ అనడానికి మేం వాడే ‘జెర’ అంటే ఆవిడకు భలే ముచ్చట. ప్రతిసారీ తప్పు చోటే వాడేవారు. “జెర ఇంత పెద్ద గుమ్మడికాయ తెచ్చాడండీ!” అంటే మా అమ్మ పడీ పడీ నవ్వేది.

ఇది రాస్తుంటే ‘అంటారు’, ‘వాడతారు’ అనే వస్తోంది. కొట్టేసి ‘అనేవారు’ అని దిద్దుకుంటున్నాను.

కొన్నేళ్ల కిందట నాకో జబ్బు పట్టుకుంది. పాఠం చెబుతూ చెబుతూ ఉండగా ఒళ్లంతా చెమటలు పట్టేవి. గుండె గొంతులో కొట్టుకునేది. మొహం పాలిపోయి, బల్ల పట్టుకుని కూలబడేవాణ్ణి. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు. గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి. “మొగోనివి, గింతదానికి పరేషానైతే ఎట్లరా?” అన్నాడు మా అన్న. నేను ఉద్యోగం మానేద్దామనే అనుకున్నాను.

చివరికి ఒక డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విని ఇంకో పరీక్ష రాసింది. భయపడినప్పుడు ఒంట్లో ఊరే హార్మోన్లు పని అయ్యాక విరిగిపోతాయట. ఆ ముక్కలు మూత్రంలో పోతాయట. మూత్రపిండాల పైనుండే గ్రంథిలో ఎప్పుడైనా అరుదుగా గడ్డ పుడితే అవి విపరీతంగా పెరుగుతాయని, అప్పుడూ మనిషి ఇలాగే వణికిపోతాడని చెప్పింది. అందుకని ఒక పగలూ ఒక రాత్రీ మూత్రమంతా పట్టి ఇవ్వాలి. ల్యాబువాళ్లు అడుగున కాస్త యాసిడ్ పోసిన పెద్ద క్యాను చేతికిచ్చి, చల్లగా ఉంచమన్నారు.

దాన్ని చూసి మా అమ్మ గుండెలు బాదుకుంది. “గిదేందిరా! దేవునికి పెట్టే పాలు సుత ఫ్రిజ్‌లనే ఉంటయి. అండ్ల గిది పెడ్తవా?” అమ్మ కఠినురాలేం కాదు. ఏడుస్తూనే వద్దంది.

ఆ గొడవ విని టీచరమ్మగారు మెట్లు దిగి వచ్చారు. సంగతి తెలుసుకుని, “మా ఫ్రిజ్‌లో చోటుంది వదినగారూ” అని క్యాను అందుకున్నారు. నాతో, “పొద్దున మొదటిది పట్టకు బాబూ. అది నిన్నటి లెక్క. ఆ తర్వాతిది మొదలు, మర్నాడు పొద్దున మొదటిదానితో సహా పట్టాలి. కాఫీ తాగకు” అన్నారు.

తర్వాతి రోజంతా నేను మూతపెట్టిన మగ్గుతో మెట్లెక్కడం, దిగడం. సిగ్గుతో చచ్చిపోయాను. నా అడుగుల చప్పుడు వినగానే ఆవిడ తలుపు తీసి ఉంచి, బాల్కనీలోకి వెళ్లి వీధివైపు తిరిగి నిలబడేవారు. నేను దిగిపోయేదాకా ఇటు తిరగలేదు.

సాయంత్రం ఆవిడ ఇంటికి చర్చి ఆడవాళ్లు వచ్చారు. పాల కోసం ఫ్రిజ్ తెరిచిన ఒకావిడ, “ఇదేంటండీ?” అని అడిగిందట. “మా కింది బాబుదండీ, పరీక్షకి” అన్నారట ఈవిడ. వాళ్లు వెంటనే ఆ క్యాను చుట్టూ నిలబడి నా కోసం ప్రార్థన చేశారట. అది చెప్పి టీచరమ్మగారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ జబ్బు మొదలయ్యాక నేను నవ్వింది కూడా అప్పుడే.

రిపోర్టు వచ్చింది. అంకెలు ఉండాల్సినదానికన్నా కాస్త ఎక్కువున్నాయి. “గడ్డయితే చాలా ఎక్కువుంటాయి. ఇంత కొంచెమే పెరగడం వేరు. గుండె నీరసించినా, నిద్ర లేకపోయినా, లోపల భయం పట్టుకున్నా కాస్త పెరుగుతాయి. మీది భయమే అనిపిస్తోంది, మానసిక వైద్యుణ్ణి చూడండి” అంది డాక్టరమ్మ.

ఇంట్లో పండగైంది. “ఏం లేదంట గదా!” అన్నాడు అన్న. నేను పైకి వెళ్లి టీచరమ్మగారి ముందు ఏడ్చాను. గడ్డ ఉంటే బాగుండునని లోలోపల కోరుకున్నాను మరి. కోసి తీసేస్తారు, నేను పిరికివాణ్ణి కాదని అందరికీ తెలుస్తుంది. ఆ మాట ఎవరితో చెప్పను?

ఆవిడ ఆశ్చర్యపోలేదు. “గడ్డ లేదన్నారు బాబూ. బాధ లేదనలేదు కదా” అన్నారు.

నేరేడ్‌మెట్‌లో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరకు నన్ను ఆవిడే తీసుకెళ్లారు. మందులూ మాటలూ కలిసి నెమ్మదిగా పనిచేశాయి. మళ్లీ కాలేజీకి వెళ్లిన మొదటిరోజు నాతోపాటు బస్సెక్కి వచ్చి, నా క్లాసు బయట బెంచీ మీద కూర్చున్నారు. ప్రిన్సిపాల్‌గారు వచ్చి, “మీరు ఈయనకి ఏమవుతారండీ?” అని అడిగితే, “పై వాటాలో ఉంటానండీ” అన్నారు. “భయపడ్డవాడికి ధైర్యం చెప్పకూడదు, తోడు వెళ్లాలి” అని తర్వాత ఒకసారి అన్నారు. నా కోసం ఇదంతా ఎందుకు చేశారని అడిగితే మాత్రం, “ఫ్రిజ్‌లో చోటుంది కదయ్యా, చేశాను” అని లేచి వెళ్లిపోయారు.

ఫోన్ పెట్టేశాక నేను మంచం మీద కూర్చుని నా గుండె కోసం ఎదురుచూశాను. ఇంత వార్త విన్నాక అది పాతరోజుల్లోలా పరుగెడుతుందనుకున్నాను. పరుగెట్టలేదు. మామూలుగా చొక్కా వేసుకుని, బస్సు పాసు జేబులో పెట్టుకున్నాను. నా ఒంటికి ఇంకా తెలియలేదేమో అనిపించింది. ఇప్పటికీ అలాగే ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందో లేదో నాకు తెలియదు.

శుక్రవారం సాయంత్రం అల్వాల్ సమాధుల తోటలో మట్టి ఇచ్చారు. మా అమ్మా నేనూ వెనక వరసలో నిలబడ్డాం. “జెర మొకం సూడనియ్యిర్రి” అని అమ్మ అడిగేసరికే పెట్టె మూసేశారు. పాస్టరుగారు ప్రార్థన ముగించి, పాట పాడదామన్నారు. అందరూ పుస్తకాలు తెరిచారు. ఎవరూ గొంతెత్తలేదు. ఎందుకో నాకు అర్థం కాలేదు. పక్కనున్న చెల్లెలు నా చెవిలో, “ఎప్పుడూ పాట అక్కే ఎత్తుకునేది బాబూ” అంది.

చాలాసేపటికి ఒకావిడ ఎత్తుకుంది. తొందరలో మరీ పై శ్రుతిలో ఎత్తుకుంది. రెండో చరణానికే గొంతులు చీలిపోయాయి, మగవాళ్లు దగ్గారు, మెడనరాలు ఉబ్బాయి. అయినా శ్రుతి దించి మొదలుపెడదామని ఒక్కరూ అనలేదు. అందని ఆ ఎత్తులోనే, ఆగకుండా, అందరూ చివరిదాకా పాడారు.