వెంట్రుక లేని దిమ్మ

జంతుశాస్త్ర విభాగంలో ఆమెను అందరూ పొరలక్క అనేవారు. ఇరవై ఏడేళ్లుగా ఆమె పని బల్లి తలలను కోయడం. కోయడమంటే కూరగాయలు తరిగినట్టు కాదు. ఎముకను ఆమ్లంలో మెత్తబరచాలి, తలను కరిగిన మైనంలో ముంచాలి, అది దిమ్మలా గడ్డకట్టాక యంత్రపు కత్తికి పెట్టి వెంట్రుక మందంలో పదోవంతు పొరలుగా తీయాలి. పొరలు ఒకదానికొకటి అంటుకుని రిబ్బనులా దిగుతాయి. ఆ సమయంలో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అక్క నోట వచ్చే మాటలు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండవు.

"నేను బస్సు విప్పితే మళ్లీ నడుస్తుంది. నువ్వు విప్పిన బల్లి నడుస్తుందా?" అనేవాడు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసే మొగుడు.

"నువ్వు విప్పిన బస్సు మాత్రం నడిచిందా ఎప్పుడైనా?" అనేది ఆమె.

ఆమెకు ఒక సొంత పద్ధతి ఉంది. మైనం పోసే ముందు తన తలలోంచి ఒక నల్ల వెంట్రుక తెంపి, బల్లి ముక్కు కొన నుంచి మెడదాకా నడినెత్తి మీద తిన్నగా పరిచేది. ప్రతి పొరలోనూ ఆ వెంట్రుక ఒక చుక్కలా పడుతుంది. చుక్క గుండ్రంగా ఉంటే తల తిన్నగా కూర్చున్నట్టు, కోడిగుడ్డులా సాగితే పక్కకు తిరిగినట్టు. ఈమధ్య నల్లది దొరకడానికి అద్దం ముందు చాలాసేపు వెతుక్కోవలసి వస్తోందని తనమీద తనే నవ్వుకునేది.

ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి ఒక పరిశోధకురాలు వచ్చింది. బల్లి నాలుక గాలిలోంచి, నేలమీంచి తెచ్చిన వాసనను నోటి పైకప్పులో ఉన్న రెండు చిన్న గదులు పసిగడతాయి. ఒకటి కుడి, ఒకటి ఎడమ. ఒక్కో గదికి అడుగున పుట్టగొడుగు లాంటి బొడిపె, పైన గోపురంలా వంగిన మందపాటి కప్పు ఉంటాయి. వాసన తెలుసుకునే కణాలు ఆ కప్పులో వరసలు వరసలుగా నిలబడి ఉంటాయి. ఆ కప్పు మందం కొలవడమే ఆ పిల్ల పరిశోధన. రిబ్బనును ఎత్తే కుంచె పట్టుకోవడం కూడా రాని పిల్లకు అక్క చేయిపట్టి నేర్పింది. రిబ్బను చిరిగితే పిల్ల ఏడ్చేది. "ఏడిస్తే అతుక్కుంటుందా అమ్మాయీ, ఇంకోటి తియ్యి," అని తన క్యారేజీ తెరిచి ముందుకు తోసేది అక్క.

మొగుడి కంటి ఆపరేషనుకని అక్క నాలుగు రోజులు సెలవు పెట్టినప్పుడు, తొందరలో ఉన్న పిల్ల మూడు తలలను తనే మైనంలో పెట్టుకుంది. వెంట్రుక పెట్టలేదు. తిరిగి వచ్చి ఆ దిమ్మలను కోసిన అక్క రెండో రోజే చెప్పింది.

"ఈ మూడూ పక్కకి తిరిగాయి. ఎడమ గది నడిమధ్య తెగుతోంది, కుడిది అంచున తెగుతోంది. ఉల్లిపాయని నడిమికి కోస్తే పొర సన్నగా కనిపిస్తుంది, అంచున చెక్కితే వెడల్పుగా కనిపిస్తుంది. కుడివైపు కప్పు మందమనుకుని మోసపోయేవు."

"అలాగే అక్కా, ఇవి పక్కన పడేస్తాను," అంది పిల్ల.

పడేయలేదు. కుడివైపు కప్పు మందంగా ఉంటుందని ఆ మూడు తలల మీదే వ్యాసం అచ్చయింది. పిల్ల అధ్యాపకురాలైంది. అక్కకు ఆంగ్ల వ్యాసం చదవడం రాదు. సంబరానికి మాత్రం వెళ్లి చప్పట్లు కొట్టింది.

రెండేళ్లకు వేరే ఊరి పరిశోధకులు కొలిచి చూశారు. కుడీ ఎడమా సమానం. అప్పుడు పత్రికలో సవరణ పడింది: పొరలు కోయడంలో సాంకేతిక సిబ్బంది పొరపాటు. విభాగంలో సాంకేతిక సిబ్బంది అంటే ఒక్కరే. సంజాయిషీ మీద సంతకం పెట్టమని విభాగాధిపతి గదికి పిలిచినప్పుడు గాని ఆ సంగతి అక్కకు తెలియలేదు. శ్రమను గౌరవించాలని ఏడాదికోసారి ఉపన్యసించే పెద్దమనిషి ఆయన. అక్క ఇంటిపేరేమిటని గుమాస్తాను అడిగి కాగితంలో ఖాళీ నింపాడు.

అధ్యాపకురాలూ ఆ గదిలోనే కూర్చుని ఉంది. అక్క సంతకం పెట్టలేదు. పొరలు అంటించిన గాజు స్లైడ్ల పెట్టె తెచ్చి సూక్ష్మదర్శిని కింద రెండు పక్కపక్కన పెట్టింది.

"ఇది నేను పెట్టిన తల సార్. పైన నల్ల చుక్క చూడండి, నా వెంట్రుక. ఇది ఆవిడ పెట్టింది. చుక్క ఉందా? నేను కోసిన మాట నిజమే. వంకరగా కూర్చోబెట్టింది నేను కాదు. వంకరని ఆరోజే చెప్పాను."

ఆయన చాలాసేపు చూశాడు. గోడమీద పిల్లి అంటారు గానీ, ఆ క్షణాన ఆయన గోడమీద బల్లే. ఎటూ దూకకుండా అతుక్కుపోయాడు. "మీరేమంటారమ్మా?" అని అధ్యాపకురాలి వైపు తిరిగాడు.

నిజం చెబుతుందని అక్క ఆ క్షణందాకా నమ్మింది. అధ్యాపకురాలు కిటికీ వైపు చూస్తూ, చాలా మెత్తగా, "అక్కకి చెయ్యి వణుకుతోంది సార్ ఈమధ్య. వెంట్రుక సంగతి మర్చిపోయి ఉంటుంది," అంది.

అచ్చులో పడ్డ అబద్ధం అక్కను అంతగా కోయలేదు. ఈ జాలి కోసింది. తన చేతిని తనే చూసుకుంది. అది వణకడం లేదు. వణుకుతుందేమోనన్న భయం మాత్రం ఆరోజే మొదలైంది.

సంతకం లేకుండానే ఫైలు మూసేశారు. సవరణను మళ్లీ సవరిస్తే విభాగం పరువు పోతుందట. ఉద్యోగం ఉంది, కుర్చీ ఉంది, పేరు పోయింది. కొత్తగా వచ్చిన విద్యార్థులు తమ దిమ్మలు అక్కకు ఇచ్చేటప్పుడు ఆమె వేళ్లకేసి చూసేవారు.

ఆరు వారాల తర్వాత అధ్యాపకురాలు సీసాలో కొత్త బల్లి తలతో వచ్చింది.

"అక్కా, ఇది నువ్వే పెట్టాలి, నువ్వే కొయ్యాలి. వేరేవాళ్లకి ఇవ్వను."

"అక్కడ పెట్టండి మేడమ్. ఎవరు పెట్టారో, ఎవరు కోశారో ముందే రాసి ఇద్దరం సంతకాలు చేద్దాం."

"మేడమ్ ఏంటి అక్కా? నాకా?"

"మీకే."

అధ్యాపకురాలు సీసా బల్లమీద పెట్టింది. కాగితం అడగలేదు, కలమూ తీయలేదు. సీసా తీసుకుని వెళ్లిపోయింది. తలుపు చాలా నెమ్మదిగా వేసింది. యంత్రం మీద రిబ్బను దిగుతోందని ఆమెకు తెలుసు.

అక్క కుంచెతో రిబ్బను కొస అందుకుని గోరువెచ్చటి నీటి మీదికి దించింది. ఒక్క ముడత పడలేదు. చూసినవాళ్లు ఎవరూ లేరు.