మన నీళ్ళు, మా నీళ్ళు

వాన వెలిసిన సాయంత్రం మా ఫ్లాట్ బాల్కనీ తలుపు తెరిస్తే ఆ వాసన వస్తుంది. కిష్టారెడ్డిపేటలో ఇల్లు కొనుక్కున్న వాళ్ళకు అది పరిచయమే. కొంచెం కుళ్ళిన గుడ్డు, కొంచెం గోళ్ళ రంగు తుడిచే మందు, ఆ వెనకాల గొంతులో గీరుకునే ఏదో చేదు. పక్క ఫ్లాట్ ఆవిడ గబగబా కిటికీలు మూసి అగరుబత్తి వెలిగిస్తుంది. డ్రైనేజీ పొంగినట్టుందని ప్రతిసారీ నాతో అంటుంది. డ్రైనేజీ వాసన ఎలా ఉంటుందో ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. వాన పడుతుంటే ఎవరూ బయటికొచ్చి చూడరన్న ధైర్యంతో ఎక్కడో ఎవరో వదిలిన నీళ్ళ వాసన అది. అది ముక్కుకు తగలగానే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వెంటనే అనసూయ టీచర్ గుర్తొస్తుంది.

ఆమె మాకు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పింది. తొంభైల మొదటి సంవత్సరాలవి. మా ఊరు ఇస్నాపూర్ దాటి లోపలికి వెళ్తే వాగు ఒడ్డున ఉంటుంది. వాగుకు ఎగువన ఫ్యాక్టరీలు, దిగువన మేము. టీచర్ వాళ్ళది పక్క ఊరే, వ్యవసాయం చేసుకునే ఇల్లు. వాళ్ళ పొలం కూడా ఆ వాగు కిందిదే కాబట్టి మా పొలాల్లాగే అదీ పంట పండక పడావు పడింది. పొట్టి మనిషి, ఎప్పుడూ నేత చీర కట్టేది. పాఠం చెప్పేటప్పుడు అచ్చంగా పుస్తకంలో ఉన్న భాషలో చెప్పేది. కోపం వస్తే మాత్రం ఆ భాష ఎటో పోయి ఇంటి భాష వచ్చేది. మేము ఎక్కువగా విన్నది ఆమె ఇంటి భాషే. అలాగని పిల్లలను తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆమె కోపం ఎప్పుడూ మా తలల మీదుగా కిటికీలోంచి ఎటో చూస్తుండేది. మాకు అది వింతగా ఉండేది, ఎందుకంటే మాకు తెలిసిన పెద్దవాళ్ళందరి కోపమూ నేరుగా మా వీపు మీదికే వచ్చేది.

ఒకసారి నీటిలో ఉండే జీవుల పాఠం వచ్చింది. దగ్గరున్న చెరువులోనో వాగులోనో నీళ్ళు సీసాలో పట్టి తెచ్చి, అందులో కదిలే జీవులను గమనించాలని పుస్తకంలో రాసి ఉంది. మేము ఉత్సాహంగా వాగు నీళ్ళు పట్టుకొచ్చాం. ఒక సీసాలో ఇటుక రంగు, ఒక సీసాలో పసుపు, ఇంకో దాంట్లో నల్లగా. కిటికీ గూట్లో వరసగా పెట్టి, గంట కొట్టేదాకా కళ్ళు చికిలించుకుని చూశాం. ఏమీ కదలలేదు. ఏం కనిపించిందని టీచర్ అడిగితే నేను లేచి, నీళ్ళలో పురుగులు, చేపలు ఉండటమన్నది పూర్వకాలం సంగతి కాబోలు, రాక్షసబల్లుల్లాగే అవీ అంతరించిపోయినట్టున్నాయని చెప్పాను. తెలివిగా చెప్పాననే అనుకున్నాను. క్లాసులో ఒక్కరూ నవ్వలేదు, అందరూ అదే అనుకుంటున్నారు. టీచర్ కిటికీ దగ్గరికి వెళ్ళి నల్ల నీళ్ళ సీసా చేతిలోకి తీసుకుంది.

"పుస్తకం తప్పు గాదు, మీ తప్పు గాదు," అంది. "మీకు బతికున్న నీళ్ళు సూపెట్టాలె."

సంగారెడ్డి అవతల మంజీర నది మీద అభయారణ్యం ఉంది. పొద్దున పోతే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. పక్షులు, మొసళ్ళు, మధ్యమధ్య చిన్నచిన్న దీవులు, చూపించడానికి గైడు కూడా ఉంటాడు. అక్కడికి మమ్మల్ని తీసుకుపోవాలని ఆమె హెడ్మాస్టరు చుట్టూ తిరిగింది. బస్సు కిరాయికి డబ్బులు ఎక్కడినుంచి తేవాలని ఆయన అనేవాడు. అలా రెండు బ్యాచులు స్కూలు దాటిపోయాయి. మేము తొమ్మిదిలో ఉండగా ఎగువనున్న ఒక కంపెనీ తానే బస్సు ఇస్తానంటూ ముందుకొచ్చింది. మా వాగు గురించి ఊరివాళ్ళు కలెక్టరాఫీసులో ఫిర్యాదు పెట్టడం, దాని మీద విచారణ ఉంటుందని కబురు రావడం, ఆ కంపెనీకి హఠాత్తుగా మా మీద ప్రేమ పుట్టడం, అన్నీ ఒకేసారి జరిగాయి. టీచర్‌కు ఆ సంగతి తట్టలేదని నేను అనుకోను. అయినా పిల్లలు బతికున్న నీళ్ళు చూస్తారు కదా అని ఒప్పుకుని ఉంటుంది.

బస్సుకు ముందూ వెనకా కంపెనీ బ్యానర్లు కట్టారు. కంపెనీ ఆఫీసరు ఒకాయన ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని కారులో వచ్చాడు. ఎర్రటి ఎండలో కూడా టై కట్టుకుని ఉన్నాడు కాబట్టి మేము ఆయనకు టై సార్ అని పేరు పెట్టుకున్నాం. అభయారణ్యం దగ్గర గైడు ఎదురొచ్చాడు. చెప్పిందే చెప్పీ చెప్పీ అరిగిపోయిన గొంతుతో, ఎక్కడ నవ్వాలో అక్కడ మాకోసం కాస్త ఆగుతూ చెప్పుకుపోయాడు. ఇటు చూడండి, ఎర్రకాళ్ళ కొంగ. అటు చూడండి, అది రాయి కాదు, మొసలి. మేము నవ్వాం. అంతా బాగానే ఉంది. ఆ తర్వాత కట్ట ఎక్కాం. ఎదురుగా నది, దాని మీదుగా గాలి వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, సైగ చేయలేదు, మేమందరం ఒక్కసారిగా ముక్కులు మూసుకున్నాం. ఆడపిల్లలు చున్నీలతో, మగపిల్లలు చొక్కా కాలర్లతో.

గైడుకు రోషం వచ్చింది. ఇక్కడ ఏం వాసనొస్తోందని ముక్కులు మూసుకున్నారని అడిగాడు. మాలో ఒకమ్మాయి, నీళ్ళ దగ్గరికి వచ్చాం కదా అని అమాయకంగా చెప్పింది. అది మాకు చెప్పులు బయట విడవడం లాంటి అలవాటు. నీళ్ళ దగ్గరికి వెళ్తే ముక్కు మూసుకోవాలి, అంతే. ఫొటోలు పాడవుతాయి, చేతులు తీయమనండి అని టై సార్ టీచర్‌తో మెల్లగా అన్నాడు. టీచర్ ఆయన వైపు చూడలేదు. "జెర మెల్లగ తీసి సూడుండ్రి బిడ్డా, ఇక్కడ ఏం గాదు," అని మాతో అంది. తీశాం. ఏ వాసనా లేదు. నీటికి రంగు, రుచి, వాసన ఉండవని చిన్న క్లాసుల నుంచీ పరీక్షల్లో రాస్తూనే ఉన్నాను, మార్కులు తెచ్చుకుంటూనే ఉన్నాను. పుస్తకంలో ఉంది కాబట్టి రాయాల్సిన అబద్ధమనే అప్పటిదాకా అనుకున్నాను. అది నిజమని ఆ కట్ట మీద తెలిసింది. సంతోషం కలగాల్సింది. నాకు మాత్రం ఎవరో నన్ను చాలా ఏళ్ళుగా మోసం చేస్తున్నారని అనిపించి ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు ఆ నది కోసం కలగన్న టీచర్ ఆ రోజు నదిని చూడలేదు, కొంగలను చూడలేదు. మా ముఖాలే చూస్తూ నిలబడింది.

చివర్లో టై సార్ వీడియో కెమెరా తీయించాడు. బాగా అప్పజెప్పే పిల్ల కావాలంటే అందరూ నన్ను ముందుకు తోశారు. ఆయన నాకు రెండే రెండు వాక్యాలు నేర్పాడు. ఇవి మన నీళ్ళు. మన నీళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడండి. నాకు అర్థం కాలేదు. మన నీళ్ళంటే ఈ మంజీరవా, మా వాగువా అని అడిగాను. ఏదైతే ఏంటమ్మా, రెండూ ఒకటేగా, నువ్వు చెప్పెయ్ అన్నాడాయన.

అప్పుడు టీచర్ వచ్చి నాకూ కెమెరాకూ మధ్య నిలబడింది.

"ఒకటెట్లయితయి సార్? మన నీళ్ళంటే మీరు గూడ తాగేటియి. గీ మంజీర నీళ్ళు పైపులల్ల పట్నం పోతయి, మీరు తాగుతరు. గవి మన నీళ్ళు. వాగు నీళ్ళు మా నీళ్ళు. వాటిని మాకే ఇడిసిపెట్టిన్రు."

ఆమె గొంతు పెంచలేదు. మన, మా అనే రెండు చిన్న మాటల మధ్య అంత దూరం ఉందని నాకు ఏ వ్యాకరణ పాఠమూ చెప్పలేదు. టై సార్ నవ్వబోయి ఆగిపోయాడు. టూరు అయిపోయిందా అని టీచర్ గైడును అడిగింది. అయిపోయిందన్నాడు. అయితే ఇంకొక చిన్న టూరు మిగిలి ఉందని, దారిలోనే కాబట్టి సార్ కూడా చూసి పొమ్మని ఆమె పిలిచింది. పిల్లల ముందు కాదనలేక ఆయన తలాడించాడు.

మా ఊరి మలుపులో, వాగు వంతెన దగ్గర బస్సు ఆపించింది. వెనకాలే కారు ఆగింది. దాని అద్దాలు ఎక్కించే ఉన్నాయి. మేము దిగి ఒడ్డున నిలబడ్డాం.

"ఆ గైడు అక్కడెట్ల జెప్పిండో, ఇక్కడ నువ్వు గట్లనే జెప్పు భాగ్యా," అంది టీచర్.

నేను గైడు గొంతు పెట్టి మొదలుపెట్టాను. ఇటు చూడండి, ఇది మా తాత వరి నాటిన మడి, ఇప్పుడు గడ్డి కూడా మొలవదు. అటు చూడండి, అది దూది కాదు, నురుగు. గైడు ఆగినట్టే ఆగాను, పిల్లలు నవ్వారు. నవ్వేసరికి నాకు హుషారొచ్చింది. అక్కడ రేవు ఉండేది, మా అమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో అక్కడే బట్టలు ఉతికేది. అదిగో, ఆ ఒడ్డున మా బర్రె నీళ్ళు తాగి పడిపోయింది, దూడ దాని చుట్టూ తిరిగింది. అక్కడికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. కారు స్టార్టయిన చప్పుడు వినిపించింది. టై సార్ వెళ్ళిపోయాడు. ఇక ఆపేయనా అన్నట్టు టీచర్ వైపు చూశాను. కానియ్యమని తలూపింది. వినాల్సిన మనిషి పోయాక కూడా మేము ఒకరి తర్వాత ఒకరం మా వాగును చూపించుకుంటూనే ఉన్నాం. ఆమె ప్రతి మాటా శ్రద్ధగా విన్నది. అంతకుముందు మా వాగు గురించి మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

విచారణ రోజు నాన్నతో కలిసి నేనూ సంగారెడ్డి వెళ్ళాను. కలెక్టరాఫీసు హాల్లో గోడకు కంపెనీవాళ్ళు పెద్ద ఫొటో ఒకటి తగిలించారు. నది, కొంగలు, మేము. మమ్మల్ని వెనకనుంచి తీశారు. ముక్కులు మూసుకున్న చేతులు వెనకనుంచి కనిపించవు కదా. జడలు, రిబ్బన్లు, కింద ఒక వాక్యం: మన పిల్లలు, మన నీళ్ళు. వంకరగా కట్టిన నా రిబ్బను నేను గుర్తుపట్టాను. నా వీపుతో అబద్ధం చెప్పించారు. ఆ ఫొటో మా వాగుది కాదని చెప్పడానికి టీచర్ లేచి నిలబడింది. ప్రభుత్వ ఉద్యోగి అనుమతి లేకుండా మాట్లాడకూడదని వేదిక మీదున్న వాళ్ళు ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు, బయటికి వెళ్ళిపోయింది. ఎండాకాలం సెలవులు అయ్యేసరికి ఆమెను నారాయణఖేడ్ వైపు ఎక్కడో ఒక మారుమూల బడికి బదిలీ చేశారు. మా ఊరి పెద్దమనుషులు ఆమెకు వీడ్కోలు చెప్పలేదు సరికదా, బస్సిచ్చిన వాళ్ళను అలా అవమానిస్తారా అని మాట్లాడుకున్నారు. ఊళ్ళో సగం ఇళ్ళలో పొయ్యి ఆ కంపెనీ జీతాల మీదే వెలిగేది. పొలం పోయినవాడే ఆ కంపెనీ గేటు ముందు పనికోసం నిలబడేవాడు. వాళ్ళ భయం నాకు ఇప్పుడు బాగా అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు.

చాలా ఏళ్ళ తర్వాత ఆమె సంగారెడ్డి బస్టాండులో కనిపించింది. నేను అప్పటికి కోర్టు దగ్గర టైపు పని చేస్తున్నాను. జుట్టంతా తెల్లబడింది గానీ చీర, నడక అవే. నన్ను పేరుతో పిలిచింది. టీ తాగుతూ వాగు ఎట్లుందని అడిగింది. కొంతమేర మీద స్లాబు వేశారని, పక్కన ప్లాట్లు చేసి అమ్ముతున్నారని, ఇప్పుడు వాసన ఎక్కువగా వానాకాలంలోనే వస్తుందని చెప్పాను. ఎదిగిన మనిషిలా మాట్లాడాలనిపించి, చిన్నప్పుడు నాకు చాలా కోపం ఉండేది టీచర్, ఇప్పుడు తగ్గింది అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె గ్లాసు కింద పెట్టింది.

"ఎందుకు తగ్గింది? నీళ్ళు బాగైనయా?"

అంతలో నారాయణఖేడ్ బస్సు వచ్చింది. ఆమె నా భుజం తట్టి, జనంలో పడి ఎక్కి వెళ్ళిపోయింది. మళ్ళీ కలవలేదు. ఇప్పుడు ఆమె లేదు.

ఈ మధ్య నాకు బీపీ వచ్చింది. డాక్టరు మంచివాడే, ఓపిగ్గా చెప్తాడు. ఉప్పు తగ్గించమన్నాడు, తగ్గించాను. పొద్దున్నే నడవమన్నాడు, నడుస్తున్నాను. కోపం తగ్గించుకోమన్నాడు. అది నా చేతిలో లేదని, ముందు నీళ్ళు బాగవ్వాలని చెప్పాను.