నేను చప్పట్లు కొట్టిన సీన్

ఇయ్యాల మధ్యాహ్నం రామన్నపేటల మా ఇంట్ల కూసోని, నిజంగ జరిగిన కేసు మీద తీసిన సీరియల్ చూస్తున్న. ఒక పోలీసాయన మారువేషంల దొంగతోని దోస్తీ చేస్తడు, వాళ్లింట్లనే వాని పెండ్లాం వండింది తింటడు, ఆఖరుకు వాణ్ని పట్టిస్తడు. బేడీలు వేసే సీన్ రాంగనే "మంచిగయింది" అని చప్పట్లు కొట్టిన.

తిరిగి చూస్తే తలుపుకాడ మా పక్కింటి యాదమ్మక్క, చేతిల చిక్కుడుకాయల సంచి పట్టుకోని నిలబడ్డది. నకిలీ పత్తి విత్తనాలు అమ్మిన కేసుల ఆమె భర్త జైల్ల ఉన్నడు. గా సంగతి నాకు అప్పుడు యాదికే రాలే.

అక్క కోపానికి రాలే. టీవీ దిక్కు చూసుకుంటనే అన్నది.

"మా ఇంటికొచ్చిన పోలీసాయన గూడ గిట్లనే ఉండె చెల్లె. రైతునని చెప్పిండు. నన్ను అక్కా అని పిలిచేటోడు. నేను అన్నం పెట్టకుంట ఎన్నడు పంపలే. మావోడు చేసింది తప్పే, కాదన. కని అప్పటిసంది ఎవ్వర్నన్న అన్నానికి పిలవాల్నంటె నాకు మనసొప్పుతలేదు."

"కూసో అక్కా" అన్న. కూసోలే.

"దీంట్ల ఆ దొంగ పెండ్లాం ఏమైతది?" అని అడిగింది.

"ఇంక చూపియ్యలే అక్కా."

సంచి నా చేతికిచ్చి పోయింది.

ఆమె పోంగనే టీవీ బంద్ చేసిన అని రాస్తే నాకు ఇజ్జత్ ఉంటుండె. కని చెయ్యలే. సౌండ్ తగ్గించి ఆఖరుదాక చూసిన. ఆ దొంగ పెండ్లాన్ని మళ్ల చూపియ్యనే లేదు. నిజం చెప్పుండ్రి, మీరైతే బంద్ చేస్తుంటిరా?