రద్దు కాని నాన్-కంపీట్

2023 మే నుంచి రెండేళ్లు అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని హెర్న్‌డన్‌లో, వీసా కేసులూ ఉద్యోగ ఒప్పందాలూ చూసే ఒక చిన్న లా ఆఫీసులో పారాలీగల్‌గా పనిచేశాను. ఇరవై ఏడేళ్లకే ఆ వృత్తి నుంచి రిటైరయ్యాను కాబట్టి జ్ఞాపకాలు రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను. పారాలీగల్ అంటే అటార్నీ కింద కాగితాలు చూసే మనిషి. క్లయింటుకి సమాచారం చెప్పవచ్చు, సలహా చెప్పకూడదు. మనుషులతో మాట్లాడాలంటే బెదిరే నాకు ఈ నియమం పెద్ద వరం.

కొత్త తీర్పులు, నిబంధనల మీద మా అటార్నీ మాధవి గారు ఇంగ్లీషులో రాసే అలర్ట్‌ను తెలుగు చేసి క్లయింట్ల వాట్సాప్ గ్రూపులో పెట్టడం నా పనుల్లో ఒకటి. 2024లో ఒక ఫెడరల్ నియంత్రణ సంస్థ నాన్-కంపీట్ షరతుల్ని దాదాపు అన్నింటినీ రద్దు చేస్తూ రూల్ తెచ్చింది. ఉద్యోగం మానేశాక కొంతకాలం పోటీ కంపెనీలో చేరకూడదనే షరతులివి. సెప్టెంబరు 4 నుంచి అమలు అన్నారు. టెక్సస్ కోర్టులో దీనిమీద కేసు నడుస్తోందని, తొందరపడవద్దని మాధవి గారు రాశారు. నేనూ రాశాను, అట్టడుగున. పైన మాత్రం ‘నాన్-కంపీట్ సంకెళ్లు తెగాయి!’ అని శీర్షిక పెట్టాను. అప్పటిదాకా డైరీ దాటని నా వచనానికి పదకొండు చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ‘రీడ్ మోర్’ నొక్కిన పుణ్యాత్ములెవరూ లేరు.

శ్రీధర్ గారనే ఇంజనీరు గ్రూపులో జవాబిచ్చారు: “థాంక్స్ అమ్మా. బుధవారం పదింటికి పేపర్స్ పెట్టేస్తున్నా.” అంటే రాజీనామా; పోటీ కంపెనీలో చేరడానికి, సెప్టెంబరు 4కి సరిగ్గా రెండు వారాల నోటీసు లెక్క. ఆయనది హెచ్-1బి, ఉద్యోగం ఉంటేనే దేశంలో ఉండనిచ్చే వీసా. పాత కంపెనీ దావా వేసి, కొత్త కంపెనీ వెనక్కి తగ్గితే, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులే గడువు.

మంగళవారం టెక్సస్ కోర్టు ఆ రూల్‌ను దేశమంతటా కొట్టేసింది. నేను చూసింది బుధవారం తొమ్మిదీ యాభైకి. మాధవి గారు కోర్టులో ఉన్నారు, ఫోన్ ఆఫ్. స్టేషనరీ గదిలోకి దూరి నేనే కాల్ చేశాను.

“లెటర్ ఇచ్చేశారా అండీ?”

“మేనేజర్ రూమ్ బయటే ఉన్నానమ్మా. ఏం రాశావు ఆ మెసేజ్! మా ఆవిడ కేక్ కూడా ఆర్డర్ చేసేసింది.”

“ఆ రూల్‌ని నిన్న కోర్టు కొట్టేసిందండీ.”

“అదేంటి, సంకెళ్లు తెగాయన్నావుగా?”

“మళ్ళీ అతికాయండీ. కేసు ఉందని కింద రాశాను.”

“కింద దాకా ఎవరు చదువుతారు తల్లీ! ఇప్పుడు లెటర్ ఇవ్వాలా, వద్దా? ఒక్క ముక్క చెప్పు.”

ఆ ఒక్క ముక్కే నేను చెప్పకూడనిది. ఆయన ఫైలు నా చేతిలో ఉంది. ముందు కోర్టు ఉత్తర్వు చివరి పేరా, ఆ తర్వాత ఆయనే సంతకం పెట్టిన కాంట్రాక్టులోని నాన్-కంపీట్ క్లాజు, కామాలతో సహా చదివాను. నిషేధం పన్నెండు నెలలు. చదవడం సలహా కిందికి రాదు.

“అటార్నీ గారిని కాల్ చేయమను,” అని పెట్టేశారు. లోపలికి వెళ్లి శుక్రవారం లీవ్ అడిగి వచ్చారట. ఇంకో ఏడాది అక్కడే పనిచేశారు. కేక్ క్యాన్సిల్ కాలేదని, తిన్నామని మెసేజ్ పెట్టారు. మాధవి గారు నన్ను కోప్పడలేదు, శీర్షికలు మాత్రం ఇక తనకి చూపించమన్నారు.

ప్రభుత్వం రూల్ ప్రకటించడానికీ అది అమల్లోకి రావడానికీ మధ్య ఒక కోర్టు కూర్చుని ఉంటుంది. దాని సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆ తర్వాత నేను రాసిన అలర్ట్‌లన్నీ ‘ఇంకా ఏదీ ఖాయం కాలేదు’ అని మొదలయ్యాయి. చప్పట్లు ఆగిపోయాయి, రాజీనామాలు కూడా.