రెహానా హస్తవాసి

మొన్న మా ఆఫీసులో నేను పట్టుకున్న దొంగెవరో తెలిస్తే చేతిలో టీ ఒలకబోసుకుంటారు. గ్లాసులు కింద పెట్టండి, చెబుతాను.

మాది అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే ఆఫీసు. పన్నెండు కంప్యూటర్లు, లోపలి గదిలో ఒక సర్వర్, వాటన్నిటికీ పెద్దదిక్కు నేను. ఒకప్పుడు అక్కడే కాటా దగ్గర బస్తాలు తూచేవాణ్ణి. వైజాగ్‌లో కోర్సు చేసొచ్చి, నెట్‌వర్క్ మొత్తం నా చేతుల్తో వేసేను. ఎవరు ఏ కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ కొట్టినా, వాళ్ల డెస్క్‌టాపూ ఫైళ్లూ సర్వర్‌లోంచి అక్కడికి వచ్చేస్తాయి. సాయంత్రం లాగాఫ్ అవగానే మెషీన్లోంచి తుడిచిపెట్టుకుపోతాయి. హార్డ్ డిస్కులు చిన్నవి కదా, అందుకని ఆ సెట్టింగ్ కూడా నేనే పెట్టేను. అది చూసి మా షావుకారు గారు నన్ను కాటా దగ్గర్నుంచి తీసుకొచ్చి ఏసీ గదిలో కూర్చోబెట్టేరు.

ఈమధ్యే నా పెళ్లయింది, మాడుగుల్లో. సరిగ్గా బెల్లం సీజన్. ఆఫీసు నుంచి ఒక్కరంటే ఒక్కరు రాలేదు! చాలా బాధపడ్డాను, దాచడమెందుకు. పదిరోజుల సెలవయ్యేక డ్యూటీకి వచ్చేను. ఆ వారం నుంచే మొదలైంది గోల.

పొద్దున్న తొమ్మిదిన్నరకి అందరూ పాస్‌వర్డ్ కొడతారు. ఇంక అంతే! పది దాటితే గానీ ఎవరి డెస్క్‌టాపూ రాదు. బయట లోడెత్తిన లారీలు స్లిప్పుల కోసం ఒకటే హారన్లు. బిల్లింగ్ సూరిబాబు గారు ఆఫీసులో అందరికంటే సీనియర్. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నూకరాజూ! నువ్వు సెలవెట్టొచ్చిన కాడ్నించీ ఈటికీ బద్ధకం పట్టుకున్నాదేటి?" అన్నారు.

నాకు రోషం కంటే ముందు ఆరాటం పుట్టింది. నిన్నటిదాకా బాగున్న నెట్‌వర్క్‌కి ఏమై ఉంటుంది? కేబుళ్లన్నీ పీకి మళ్లీ పెట్టేను. వైరస్ స్కాన్ చేసేను. వైర్లన్నీ వచ్చి కలిసే హబ్ మూత విప్పేను. చూద్దును కదా, లోపల చీమలు! బెల్లం ఆఫీసు కదా, అందరి చేతులూ జిగటే. ఆ చేతులతోనే వైర్లు ముట్టుకుంటారు. "దొరికింది కారణం!" అని కేకేసి, బ్రష్‌తో ఒక్కొక్క చీమనీ దులిపి, చుట్టూ చీమలమందు ముగ్గేసేను. మర్నాడు చీమలు లేవు. లాగిన్ మాత్రం అలాగే ఉంది.

ఒక్కొక్కరి సీటు దగ్గరకీ వెళ్లి చూసేను. ప్రతి డెస్క్‌టాప్ మీదా నా పెళ్లి వీడియో కనిపించింది. పెళ్లికి రానందుకు నేనే అందరికీ వేసి పెట్టేను లెండి. ఎంత భద్రంగా దాచుకున్నారో అని ముచ్చటేసింది. మళ్లీ కారణం వెతకడంలో పడ్డాను.

అలా నెలన్నర గడిచింది. ఒక గురువారం షావుకారు గారు పిలిచేరు. "శనివారం దాకా సూత్తాను. అప్పటికి అవ్వకపోతే వైజాగ్ నుంచి తెలిసినోణ్ణి పిలిపిత్తాను. సోమారం నుంచి నువ్వు కాటా దగ్గరికి ఎల్లిపో."

మా ఆవిడ మాడుగుల్లో వీధి వీధంతా "మా ఆయన కంప్యూటర్ ఆఫీసర్" అని చెప్పుకుంది మరి! ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని బస్తాలు తూస్తాను?

ఇందులో ఒకే ఒక్క వింత ఉంది. నా పెళ్లయిన నెలకి రెహానా అని కొత్తమ్మాయి చేరింది. వాళ్ల నాన్నగారికి ఊళ్లోనే బట్టల కొట్టు. ఆ అమ్మాయి పాస్‌వర్డ్ కొడితే ఇరవై సెకన్లలో పని మొదలు! "ఆ పిల్ల హస్తవాసి మంచిదండీ" అని తేల్చేరు సూరిబాబు గారు. షావుకారు గారికి అది నచ్చింది. శుక్రవారం పొద్దున్న అందరూ పాస్‌వర్డ్ కొట్టి ఆగేరు, రెహానా సీటు సీటుకీ వెళ్లి ఎంటర్ నొక్కింది. ఏమీ జరగలేదు.

"సార్, అందరూ నా వేలు వైపే చూస్తన్నారు, సిగ్గేస్తంది" అంది పాపం.

మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచేక నాకో ఆలోచన వచ్చింది. సూరిబాబు గార్నీ రెహానానీ ఆపి, ముందు ఆయన మెషీన్లో ఆ అమ్మాయి చేత లాగిన్ చేయించేను. ఇరవై సెకన్లు! రెహానా మెషీన్లో సూరిబాబు గార్ని కూర్చోబెట్టేను. ఇంకెవరూ లేని టైములో కూడా రెండు నిమిషాలు! అంటే రోగం మెషీన్‌ది కాదు, మనిషిది!

పరిగెత్తుకెళ్లి సర్వర్లో ఎవరి ఫోల్డర్ ఎంతుందో చూసేను. రెహానాది చిటికెడు. సూరిబాబు గారిది బస్తా. మిగతా పదిమందివీ బస్తాలే, కాటా వేసినట్టు అన్నీ ఒకటే బరువు! రోజూ పొద్దున్నే పదకొండు బస్తాలు ఒకే ఇరుకు సందులోంచి బయల్దేరుతుంటే ఇంక లాగిన్లేం అవుతాయి?

"దొంగ దొరికేడండీ!" అని అరిచేను. నా తెలివి నలుగురూ చూడాలి కదా! షావుకారు గారితో సహా అందర్నీ సర్వర్ గదిలోకి పిలిచి, అందరి ఎదురుగా ఆ పెద్ద ఫైల్ తెరిచేను.

సన్నాయి మోగింది. స్క్రీన్ నిండా బాసికం కట్టుకుని, గుప్పిట్లో జీలకర్ర బెల్లం పట్టుకుని, పళ్లికిలిస్తూ... నేనే!

సిగ్గుతో చెవులు కాలిపోయేయి నాకు. "ఆరువందల ఎంబీ అండీ... మొదటి సీడీయే..." అని గొణిగేను. తర్వాత సూరిబాబు గారి మీద పడ్డాను. "చూడ్డం అయిపోయేక డిలీట్ చెయ్యొచ్చు కదండీ!"

"ఊరుకోవయ్యా! కొత్త పెళ్లికొడుకువి. నీ పెళ్లి అట్టుకెళ్లి చెత్తబుట్టలో పడేత్తామేటి? అశుభం కాదూ!" అన్నారాయన. మిగతా పదిమందీ తలలూపేరు. పదకొండు మందిలో ఒక్కరికీ చెయ్యాడలేదట! అంత అభిమానం ఉన్నవాళ్ల మీదా నేను అలిగింది?

షావుకారు గారు సన్నాయి అయ్యేదాకా ఆగేరు. "ఒరే నూకరాజూ! నెలన్నరై రోజూ పొద్దున్నే అరగంట నీ పెళ్లికొచ్చి కూకుంటన్నాం. ఒక్క పూటైనా బోజనం ఎట్టేవేట్రా?"

నవ్వులకి గది అదిరిపోయింది. పదకొండు చోట్లా నా పెళ్లిని నేనే డిలీట్ చేసేను. శనివారం తొమ్మిదీ ముప్పై ఒకటికల్లా అందరూ పనిలో ఉన్నారు. కాటా గండం తప్పింది గానీ భోజనం గండం తప్పలేదు. మా అత్తారు పంపిన మాడుగుల హల్వాతో సహా విస్తళ్లు వేసేను.

చేతులు కడుక్కుంటుంటే రెహానా వచ్చింది. "సార్, ఆఫీసులో మీ పెళ్లి చూడనిది నేనొక్కద్దాన్నే. నా డెస్క్‌టాప్ మీద కూడా వెయ్యండి సార్!"

జేబులోంచి సీడీ తీసి చేతికిచ్చి, దండం పెట్టేను. "మీ ఇంట్లో చూసుకో తల్లీ!"