ఎల్దుర్తి దిక్కు మబ్బు

మెదక్ బస్టాండులో బస్సు కోసం కూర్చున్నప్పుడు ఖిల్లా గుట్ట మీదికి ఒక నల్లమబ్బు వచ్చింది. అలాంటి మబ్బు కనబడితే నా చేయి ఊరుకోదు. ఒళ్లో కాగితం పెట్టుకుని రంగుల డబ్బా తెరిచాక చూసుకుంటే, నా సీసాలో చుక్క నీళ్లు లేవు. లేచి వెళ్లి తెచ్చుకునేలోపు మబ్బు అక్కడే ఉంటుందన్న నమ్మకమూ లేదు.

పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ నా అవస్థ చూసింది.

"దూపైతుందా సారూ?"

"తాగడానికి కాదక్కా, రంగులు కలపడానికి."

ఆమె నవ్వి, తన సీసాలోంచి నా డబ్బా మూతలోకి నీళ్లు పోసింది. "మా ఎల్దుర్తి బోరు నీళ్లు. బొమ్మ మంచిగ రావాలె మరి."

మూత ఖాళీ అయినప్పుడల్లా అడగకుండానే నింపింది. బొమ్మ పూర్తయ్యాక చూపించాను. గుట్టను ఆమె పట్టించుకోలేదు.

"గిండ్ల మా నీళ్లు ఏడున్నయి?"

ఇంకా తడి ఆరని మబ్బును చూపించాను. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"రోజూ గిట్లనే వస్తున్నయి సారూ, పడుతలేవు. బోరు గుడ సన్నగ పోస్తుంది. నాట్లు ఆగినయి."

ఇంతలో ఆమె బస్సు వచ్చింది. ఎక్కి కూర్చుని, కిటికీలోంచి గట్టిగా అంది: "సారూ, గా మబ్బును జర మా దిక్కు తోలుండ్రి!"

బస్సులో వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. బస్సు కదిలాక, మూతలో మిగిలిన ఆమె నీళ్లతోనే బ్రష్షు తడిపి, మబ్బు అంచును బస్సు వెళ్లిన వైపుకు లాగాను.

బొమ్మ చూసినవాళ్లు మబ్బు ఒక పక్కకు ఒరిగిపోయిందంటారు. ఒరగనీ.